రెండేళ్ళు బంతిగా ఉన్న పిల్ల

మొన్న పన్ను నొప్పితో నాచారంలో డెంటల్ క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరు గారు లోపల ఎవరికో రూట్ కెనాల్ చేస్తున్నారు. బయట నలుగురం కూర్చున్నాం. గోడమీద టీవీలో ఏదో పాత సీరియల్ మళ్ళీ వేస్తున్నారు. నేను చూడడం లేదు. ఉన్నట్టుండి అందులోంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. "నాన్నగారూ, తప్పు అమ్మది కాదండీ. నాదేనండీ."

చెంపమీంచి చెయ్యి తీసేసి తలెత్తాను.

నా పక్కనున్నావిడ కూడా తలెత్తింది. "ఈ పొల్ల మస్తు జేస్తుండె. బంతి. ఈమె ఏడిస్తె మా ఇంట్ల అందరం ఏడుస్తుంటిమి. ఇప్పుడు యాడున్నదో ఏమో" అంది.

ఎక్కడుందో నాకు తెలుసు. మేడిపల్లిలో ఉంది. ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. కానీ చెప్పలేదు. చెబితే "మీకెట్ల ఎర్క?" అంటుంది. వాచిన చెంపతో చెప్పగలిగినంత చిన్న జవాబు కాదు అది. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

నాన్న ఉప్పల్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేసేవారు. మాది కృష్ణా జిల్లా. నేను పుట్టి పెరిగింది ఉప్పల్లోనే అయినా మా ఇంట్లో భాష ఆ జిల్లాదే. పెళ్ళయ్యాక నాచారంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి, అది మానేసి, ఇంట్లోనే ట్యూషన్లు పెట్టుకున్నాను. నా జాకెట్లు కుట్టే ఆవిడ ఒకరోజు కొలత టేపు మెడలో వేసుకునే మా ఇంటికి వచ్చింది. వాళ్ళది జనగామ దగ్గర పల్లె. భర్త నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు పోసే మిషను మీద పని చేసేవాడు.

"టీచరమ్మా, మా పొల్లను సీరియల్ల తీసుకున్నరు. నెలల సగం దినాలు షూటింగే. బడి పోతున్నది. మీరు జర ఆ షూటింగ్ కాడికే వచ్చి చదువు చెప్పరాదుండ్రి?" అంది.

షూటింగ్ ఎలా ఉంటుందో చూద్దామనే సరదాతోనే ఒప్పుకున్నాను. నిజం చెప్పడానికి సిగ్గెందుకు.

నాచారం చెరువు వెనక వీధిలో రెండంతస్తుల బంగళా. సీరియల్లో అది కోటీశ్వరుల ఇల్లు. దాని వంటగది మాత్రం మల్లాపూర్‌లో ఇంకెవరింట్లోనో ఉండేది. అంటే అన్నానికి హాల్లోంచి వంటగదిలోకి వెళ్ళాలంటే బంతి ఆటో ఎక్కాలి. నేను మొదటిరోజు వెళ్ళేసరికి ఆ పిల్ల వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళు. పట్టు పరికిణీ, రెండు జడలు, మేకప్ అంటకుండా మెడచుట్టూ టిష్యూ కాగితాలు. పుస్తకం తెరవమన్నాను.

"ఆగున్రి టీచర్, చేతులకు రంగున్నది. బుక్కు ఖరాబైతది" అంటూ మెడలోంచి ఒక టిష్యూ లాగి, పెన్సిల్‌కి చుట్టి, అప్పుడు రాయడం మొదలుపెట్టింది.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. ఆ రెండేళ్ళూ ఆ పేరుతో పిలిచినవాళ్ళం ముగ్గురమే, వాళ్ళమ్మ, నాన్న, నేను. మిగతా అందరికీ, బడిలో వాళ్ళకూ, చివరికి కూరగాయల బండి అతనికి కూడా ఆమె బంతి. మొగుడి అనుమానానికి గురైన ఒక ఇల్లాలి కూతురు. తల్లి మీద నింద పడబోయినప్పుడల్లా అడ్డం వచ్చి, "నేనేనండీ" అని అబద్ధమాడి తనమీద వేసుకునే పిల్ల.

నేను ఆమెకు చదువు చెప్పాననే మాటే గానీ, ఆ రెండేళ్ళలో ఎక్కువ నేర్చుకున్నది నేనే. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు పళ్ళెంలో చేగోడీలు పెట్టాను. ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "టీచర్, ఇవి తినేటియా, చూపెట్టేటియా?" అని అడిగింది. సెట్లో లడ్డూల మీద మెరుపు కోసం నూనె పూస్తారు. సీను మళ్ళీ తీస్తే కొరికిన లడ్డూ కనపడకూడదని తిననివ్వరు. తిండి రెండు రకాలని ఆ పిల్లకు అంత మామూలుగా తెలిసిపోయింది. తినేవే అని చెప్పాక ఆరు తింది.

ఇంకోసారి, వ్యతిరేక పదాలో పర్యాయపదాలో చెబుతుంటే నా మొహంలోకి పరీక్షగా చూసి, "టీచర్, మీరు ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తరా?" అంది.

"ఇలాగే. ఎందుకు?"

"ఎవ్వరు చూడకున్నా గిట్లనే?"

నాకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. ఆమె దృష్టిలో 'వచ్చాడండీ, వెళ్ళాడండీ' అనేది లైట్లు వెలిగినప్పుడు మాట్లాడే తెలుగు. నేను లైట్లు లేకపోయినా ఆపకుండా నటిస్తున్నానని, పాపం అలిసిపోతానేమోనని ఆమె బాధ. నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాను.

ఏడవడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. గ్లిజరిన్ తెచ్చేలోపు ఎడమ కంట్లోంచి ఒక చుక్క జారేది. ముందు ఎడమ కన్నే. కెమెరా అతను అది తెలిసి అటువైపే పెట్టుకునేవాడు. ఎలా వస్తుందని అడిగితే, "ఏం లేదు టీచర్. కన్ను కొట్టొద్దు, ముక్కుల గాలి ఆపాలె. గంతే" అని నాకు నేర్పబోయింది. నాకు తుమ్ము వచ్చింది. అదే పిల్ల ఒకనాడు కాలి బొటనవేలి మీద లైటు స్టాండు పడితే ఏడవలేదు. పెదవి కొరుక్కుని, "జర ఆగున్రి, జర ఆగున్రి" అంటూ ఒంటికాలి మీద వరండా అంతా తిరిగింది. ఊరికే వచ్చే కన్నీళ్ళు వేరే పనికి వాడేసుకుంది కనక సొంతానికి లేకుండా పోయాయేమో అనిపించింది నాకు.

ఏడో ఎక్కం మాత్రం ఆమెకు కొరుకుడు పడలేదు. వారం రోజులు తల కొట్టుకున్నాక, సీరియల్లో విలన్ నాయనమ్మ మాట్లాడినట్టు ఎక్కం చెప్పమన్నాను. అంతే. నడుం మీద చెయ్యి వేసి, కళ్ళు చిన్నవి చేసి, "ఏడు ఎనిమిదులు... యాభై ఆరు! ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి!" అని వరండా దద్దరిల్లేలా చెప్పింది. నాయనమ్మ వేషం వేసే పెద్దావిడ లోపల్నించి తొంగిచూసి, "నేనింత బావుంటానా" అని మురిసిపోయింది. పన్నెండో ఎక్కం దాకా అలాగే లాక్కొచ్చాం.

సీరియల్ కన్నా ముందు ఆమె ఒక సినిమాలో కూడా చేసింది. ఆ సంగతి వాళ్ళమ్మ చెప్పేది, ప్రతిసారీ అదే ఉత్సాహంతో. బడికి ఎవరో వచ్చి, కదలకుండా నిలబడగలిగే పిల్ల కావాలని అడిగి తీసుకెళ్ళారట. హీరో చెల్లెలి చిన్ననాటి వేషం. రెండు రోజులు తీశారు. సినిమా ఉప్పల్ థియేటర్‌కు వచ్చిన రోజు వాళ్ళ వీధి వీధంతా కదిలింది. తండ్రి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని ముందు నడిచాడట. తీరా చూస్తే ఆ పిల్ల మొహం ఎక్కడా లేదు. హీరో చేతికి రాఖీ కడుతున్న రెండు చిన్న చేతులు మాత్రం ఉన్నాయి. వీధివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఈ పిల్ల సీటెక్కి నిలబడి, "గవి నా చేతులే! సూడుండ్రి, గా పుట్టుమచ్చ!" అని అరిచిందట. వీధంతా చప్పట్లు కొట్టింది. తండ్రి మాత్రం ఇంటికి వచ్చేదాకా ఆ చెయ్యే పట్టుకుని నడిచాడట.

ఆయన షూటింగ్‌కి ఎప్పుడూ రాలేదు. "నేనొస్తే దానికి సిగ్గయితది" అనేవాడు.

రెండేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ షూటింగ్ మేనేజరు గారు వాళ్ళమ్మనీ నన్నూ పక్కకు పిలిచారు.

"టీచర్ గారూ, మీరూ వినండి. వచ్చేవారం నుంచి కథ పన్నెండేళ్ళు ముందుకెళుతుంది. బంతి పెద్దదైపోతుంది. పెద్ద బంతికి బెంగుళూరు నుంచి ఒకమ్మాయి వస్తోంది. పాపకి ఇంకా మూడు రోజుల పని ఉంది. అప్పటిదాకా తనకి చెప్పకండి. మొహంలో తెలిసిపోతుంది."

వాళ్ళమ్మ చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయింది. "చెప్పకుంట ఎట్ల సార్? మెల్లగ చెప్తే ఇంటది. మంచి పిల్ల" అంది.

"ఇంటికెళ్ళాక మెల్లగానే చెప్పండమ్మా. ఇక్కడ వద్దు."

ఆ మూడు రోజులూ నేను పిల్లకు ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల భిన్నాలు చేస్తూ చేస్తూ, "టీచర్, శుక్రవారం బంతి బర్త్‌డే సీన్ ఉన్నది. గులాబీ గౌను కొలతలు తీసుకున్నరు. మీరు పక్కా రావాలె" అంటే, "వస్తాను, ముందు ఇది చెయ్యి" అని తప్పు వేసిన హారం కింద గీత గీసి ఇచ్చాను. అదొక్కటే నాకు చేతనైంది.

శుక్రవారం హాలంతా బెలూన్లు. షాట్ ఏమిటంటే, కేకు మీద కొవ్వొత్తులు ఊదడానికి బంతి కిందికి వంగుతుంది. తలెత్తేసరికి పన్నెండేళ్ళు గడిచి పెద్ద బంతి ఉంటుంది. అందుకని మేకప్ గదిలోంచి ఇరవై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. అదే గులాబీ రంగు, అవే రెండు జడలు.

పిల్ల ఆమెను చూసి, వేషాల బట్టలు చూసుకునే ఆవిడను అడిగింది. "ఈ అక్క ఎవ్వరు?"

బట్టలావిడకు ఎవరూ జాగ్రత్త చెప్పినట్టు లేదు. నోట్లో పిన్నీసుతోనే, "నువ్వేనే. పెద్దయ్యాక నువ్వు" అంది.

పిల్ల ఆ అమ్మాయిని కాళ్ళనుంచి జడలదాకా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మా వైపు తిరిగి, "మరి నేను?" అంది.

మేనేజరు గారు చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పి, "మాకూ ఇందాకే తెలిసింది బంగారం" అన్నారు. వాళ్ళమ్మ సంచీ సర్దుకుంటూ, "నాకు గూడ ఇప్పుడే చెప్పిన్రు బిడ్డా" అంది. ఆ గొంతు వింటే రాయికైనా అర్థమవుతుంది అబద్ధమని.

"మీకు గూడ ఇప్పుడేనా టీచర్?"

అవునందామనే నోరు తెరిచాను. రాలేదు. "లేదు. నాకు మూడు రోజుల క్రితమే తెలుసు" అన్నాను.

ఆమె పెన్సిల్ బాక్సు మూతపెట్టి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఇక్కడ బంతికి ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. బంతి అబద్ధమాడే ముందు రెండు వేళ్ళతో చెవి తమ్మె పట్టుకుని, ఆ తర్వాత మెల్లిగా కళ్ళెత్తేది. దాన్ని ఎవరూ రాయలేదు. మొదటిరోజు పెట్టిన నొక్కుడు జుంకీలకు చెవి నొప్పిపుట్టి ఆ పిల్ల తడుముకుంటే డైరెక్టరు గారికి నచ్చి ఉంచేశారు. ఇళ్ళల్లో పిల్లలందరూ అబద్ధమాడేటప్పుడు చెవి పట్టుకోవడం మొదలుపెట్టేంతగా అది పాకింది. ఇప్పుడు పెద్ద బంతికి కూడా అది కావాలి.

"నువ్వు చేసేది అక్కకి చూపించమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

నేననుకున్నాను, ఇప్పుడు మొండికేస్తుంది అని. వేయనీ అని కూడా అనుకున్నాను. ఆమె వెళ్ళి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి చూపించింది. ఆ అమ్మాయి చేసింది. "గట్ల గాదు అక్కా. చెయ్యి ముందుగాల పోవాలె. కన్ను వెనక లేవాలె. రెండు కలిసి లేస్తే నిజం చెప్తున్నట్టుంటది" అంది. మళ్ళీ చేయించింది. పదిసార్లు చేయించింది. తప్పుచేసినప్పుడు విసుక్కోకుండా, "మంచిది, ఇంకొక్కసారి" అంది. అది నేను ఏడో ఎక్కం దగ్గర అనే మాట.

ఆ అమ్మాయికి తెలుగు రాదు. మొదటి సీరియల్. డైలాగు నాలుగుసార్లు తప్పేసరికి డైరెక్టరు గారు అందరిముందూ గట్టిగా కేకలేశారు. ఆమె మెట్ల వెనక్కి వెళ్ళి మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఎవరూ వెళ్ళలేదు. ఈ పిల్లే వెళ్ళి ఆ పక్కన గౌను నలగకుండా జాగ్రత్తగా కూర్చుంది. నేను కొంచెం దూరంలో ఉన్నాను.

"ఫికర్ చెయ్యకు అక్కా. బంతి మంచిది. ఆమె ఏం జేసినా అందరు మాఫ్ జేస్తరు" అంది.

ఆ అమ్మాయికి ఎంత అర్థమైందో తెలియదు. కళ్ళు తుడుచుకుని లేచింది. పిల్ల వెళ్ళి కేకు ముందు నిలబడి, వంగి, కొవ్వొత్తులు ఊదింది. కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం నుంచి రోజూ బడి. హాజరు పిలుస్తుంటే ఆమె పలకలేదట. మూడుసార్లు పిలిచారట. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిస్తేగానీ ఆ పేరు తనదేనని గుర్తు రాలేదు. సాయంత్రాలు మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చేది. వచ్చి చెప్పులు ఒక మూల పెట్టి, చేతులు కట్టుకుని, "నమస్కారమండీ టీచర్ గారూ. ఈ రోజు ఏం చేయమంటారండీ?" అనేది. మొదటిరోజు తమాషాకి అనుకున్నాను. రెండోరోజూ అంతే. వారం, పది రోజులు. ఒక్క 'గిట్ల' లేదు, ఒక్క 'జర' లేదు. లైట్లు వెలిగినప్పటి తెలుగే నాతో మాట్లాడింది. తిట్టినా అంత తగిలేది కాదు. "మంచినీళ్ళు కావాలా?" అంటే "అక్కర్లేదండీ, మీకెందుకండీ శ్రమ" అనేది. మా ఆయన పక్కగదిలోంచి విని, "ఎంత మర్యాదైన పిల్లో" అని మెచ్చుకున్నాడు.

నెలాఖరున లెక్కల పరీక్ష పేపరు తెచ్చింది. బాగా తక్కువ వచ్చాయి. బల్లమీద పెట్టి, తలొంచుకుని నిలబడింది.

"మా అమ్మగారికి చెబుతారా అండీ?"

"చెబుతాను. నువ్వే ముందు చెప్పు. తర్వాత నేను చెబుతాను."

కాసేపు పేపరు అంచు మడత పెట్టింది, విప్పింది. తర్వాత ఒక్కసారిగా, "మీరొక్కరే ఉన్నదున్నట్టు చెప్తరు టీచర్" అంది. "ఆ దినం అందరు ఇప్పుడే తెలిసిందన్నరు. వాళ్ళ మీద కోపం చేద్దామంటే చేయరాలే. మీరు ముందుగాల్నే తెలుసన్నరు. గందుకే మొత్తం కోపం మీ మీదికొచ్చింది."

"ఇంకా ఉందా?"

ఆలోచించింది. "జరంత ఉన్నది" అంది. "నీళ్ళియ్యున్రి."

గ్లాసు నిండా నీళ్ళిచ్చాను. గటగటా తాగేసింది.

మరో ఆరు నెలలకు మేనేజరు గారు వాళ్ళింటికి స్వీట్ల డబ్బాతో వచ్చారు. పెద్ద బంతి చిన్నతనం గుర్తుచేసుకునే ఒక సీను ఉందట. ఒక్కరోజు పాప వస్తే చాలన్నారు. ఆ టైముకి నేను అక్కడే ఉన్నాను, జాకెట్టు కోసం. తండ్రి షిఫ్టు నుంచి అప్పుడే వచ్చాడు. "నన్నడగొద్దు సార్, దాన్ని అడుగున్రి" అన్నాడు.

పిల్ల పుస్తకంలోంచి తలెత్తి, "ఏ దినం?" అంది.

"బుధవారం అమ్మా."

"బుధవారం బడి ఉన్నది సార్. ఆదివారం అయితే వస్త."

మేనేజరు గారు నవ్వి, తలగోక్కుని, చివరికి ఆదివారం పెట్టించారు.

నేనూ వెళ్ళాను. ఆ రోజు తండ్రి కూడా వచ్చాడు, మొదటిసారి. గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బంగళా అదే. పెద్ద బంతి అమ్మాయి ఇప్పుడు తెలుగు గడగడా మాట్లాడుతోంది. ఈ పిల్లను చూడగానే పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. ఎవరో "బంతీ, రెడీయా!" అని కేకేస్తే ఇద్దరూ తిరిగారు. తర్వాత ఈ పిల్లే ముందు తల తిప్పేసుకుంది.

సీను చిన్నది. చిన్న బంతి నాన్నకు అబద్ధం చెబుతుంది. అంతే. రెండేళ్ళలో వందసార్లు చేసిన పని. లైట్లు వేశారు. యాక్షన్ అన్నారు. పిల్ల రెండు వేళ్ళతో చెవి తమ్మె పట్టుకుంది. పట్టుకుని, కళ్ళెత్తే ముందు, అదే వేళ్ళతో చెవి మీది జుట్టును మెల్లిగా వెనక్కి సవరించింది. అప్పుడు కళ్ళెత్తి డైలాగు చెప్పింది.

కట్ చెప్పాక డైరెక్టరు గారు మానిటర్ దగ్గర్నుంచి లేచి వచ్చారు. "ఏమ్మా, అప్పుడు నువ్వు జుట్టు సవరించేదానివి కాదుగా?"

"లేదు సార్. అక్క చేస్తది. పెద్ద పిల్ల గదా, జుట్టు అడ్డమొస్తది, సవరించుకుంటది. మంచిగుంది గది."

"నువ్వెప్పుడు చూశావు?" అంది వాళ్ళమ్మ నివ్వెరపోయి. పిల్లకు బాధ కలుగుతుందని, సీరియల్ వచ్చే వేళకు ఆ ఇంట్లో రోజూ టీవీ కట్టేసేవాళ్ళు.

"పక్కింట్ల చూస్తున్న అమ్మా. రోజు చూస్తున్న" అంది పిల్ల. మళ్ళీ డైరెక్టరు గారి వైపు తిరిగింది. "పెద్దగైనంక గట్ల చేస్తదంటే, చిన్నప్పటి సంది అలవాటు ఉండాలె గద సార్. నేను పాతదే చేస్తే, చూసేటోళ్ళకు ఈమె, ఆమె వేరే అనిపిస్తది."

పెద్ద బంతి అమ్మాయి చెయ్యి చెవి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఆమె ఎడమ కన్నూ కుడి కన్నూ రెండూ నిండాయి. గేటు దగ్గర తండ్రి మొహం అటు తిప్పుకున్నాడు.

డైరెక్టరు గారు ఇంకో టేకు అడగలేదు. పిల్లే మానిటర్ దగ్గరికి వెళ్ళి, తన షాటూ అక్క షాటూ ఒకదాని వెనక ఒకటి వేయమని అడిగింది. వేశారు. చేతులు వెనక్కి కట్టుకుని, కాలి మునివేళ్ళ మీద లేచి, రెండూ చూసింది.

"ఇగ సరిపోయింది" అంది.